చలనచిత్రములలో ధ్వనిరచన



నేను వృత్తిచే తెలుగు పండితుడను. ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో వర్ణోత్పత్తిని, సంధులను, అలంకారములను బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు చలనచిత్రములయందలి ధ్వనిరచననుగూర్చి ప్రసంగించుటకు మైకు నెదుట గూర్చుండుట మీకు వింతగా దోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని యీ విషయము నన్ను వెదకికొనుచు మా యింటికే వచ్చినది. వచ్చుటకు కారణము ఒక్క హల్లు, సకారము.

మా మనుమరాలు ఈ విద్యనే వృత్తిగా నభ్యసించుచున్నది. చెవులకు గొట్టములు తగిలించుకొని రాత్రింబవళ్లు చీకటిగదిలో గూర్చుండుట యేమి చదువని ఆమె తండ్రి, అనగా నా కుమారుడు, రెండేండ్లు విముఖుడై యుండెను. రుసుము నేను నా పింఛనులోనుండి కట్టితిని. నిరుడు వానకాలమున ఆమె తన పరీక్షకై ఏడు నిమిషముల చిన్న చిత్రమొకదానికి ధ్వనిని సమకూర్చి, సమర్పించుటకు ఆఱు దినములు ముందుగా మాకు వినిపింప దెచ్చినది. కథ స్వల్పము. తుపాను రాత్రి, తాటాకు గుడిసె, కోపముతో కంచము ముందునుండి లేచిపోవుచున్న కొడుకు, పొయ్యికడ తల్లి. కొడుకు గడప దాటబోవుచుండగా తల్లి వెనుకనుండి ఒక్క మాట యనును. ఆ మాట నాకు “పోతానురా, ఉండు” అని వినబడినది. చిత్రము ముగిసిన పిదప నేను, “తల్లిచేత చచ్చిపోతాననిపించుట యెందులకమ్మా? ఆ సన్నివేశమునకు అంత మాట బరువు కదా” యంటిని. ఆ పిల్ల మొగము వెలవెలబోయినది.

“తాతయ్యా, ఆమె పోతాననలేదు. ‘మజ్జిగ పోస్తానురా, ఉండు’ అన్నది” అని మెల్లగా బదులు చెప్పినది.

మజ్జిగ యను పదమును వాన మ్రింగినది. పోస్తాననుటలోని సకారమును కొంత వానయు, కొంత నా వార్ధక్యమును మ్రింగినవి. అన్నము పెట్టుచున్న తల్లి నా చెవిలో ప్రాణము విడుచుచున్న తల్లి యైనది. శకార షకార సకారముల భేదము చెప్పలేదని యెందఱి బాలుర చెవులనో మెలిపెట్టిన నాకు ఇంతకంటె తగిన శాస్తి లేదు. తప్పు ముసలి చెవిదేయని త్రోసివేయుటకును వీలు లేకపోయినది. ఏలయన నలుబది యైదేండ్లయినను నిండని నా కుమారుడు తనకును ఆ మాట తెలియలేదని చెప్పి, ఇంతకేనా రెండేండ్ల చదువన్నట్లు లేచిపోయెను. పిమ్మట ఆఱు దినములు నేను ఆమె ప్రక్కనే గూర్చుంటిని. అప్పుడు తెలిసికొన్న సంగతులనే నేడు మీకు నివేదించుచున్నాను.

శబ్దము వ్యాపించు విధమును మన తార్కికులు రెండు దృష్టాంతములతో జెప్పిరి. కొలనిలో రాయి వేసిన నొక అల మఱియొక అలను పుట్టించుచు నొడ్డు చేరునట్లు చేరుననుట వీచీతరంగన్యాయము. కడిమిమొగ్గ ఒక్కుమ్మడి అన్నిప్రక్కల విచ్చునట్లు దశదిశలకు వ్యాపించుననుట కదంబముకుళన్యాయము. నేటి భౌతికశాస్త్రము చెప్పునదియు దీనికి మిక్కిలి దూరము గాదు. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. చలనచిత్రము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచును. కావున పెద్ద సినిమాశాలలో తెరకు 34 మీటర్ల దూరమున గూర్చున్నవానికి మాట సెకనులో పదియవ వంతు, అనగా రెండు బొమ్మలకు పైగా, ఆలస్యముగా నందును. పెదవి కదలిన పిదపనే మాట వినబడుట మనకు లోకములో నలవాటు గనుక దీనిని మనస్సు క్షమించును. మాట ముందు వచ్చి పెదవి వెనుక కదలిన మాత్రము వెంటనే యెబ్బెట్టుగా దోచును.

మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములను గ్రహింపగలదు. వయస్సు పైబడిన కొలదియు పైమెట్లు ముందుగా నశించును. అచ్చుల బలమంతయు నధికముగా 1,000 కంపనములకు దిగువనుండును. సకారము ఊష్మము, కంఠనాదము లేక కేవలము దంతములయొద్ద ఒరసికొని పోవు గాలిచే బుట్టునది. దాని బలము 4,000 కంపనములకు పైమాట. కావుననే వృద్ధులు “వినబడుచున్నది గాని తెలియుట లేదు” అందురు. వారికి అచ్చులు వినబడును; హల్లులు జారిపోవును. చెవుల వైద్యుడు నాకు గీచి యిచ్చిన పటములో గీత 4,000 కడ మెట్లు దిగునట్లు దిగిపోయినది. ఇక వాన యన్ననో, క్రింది మెట్టు మొదలు పైమెట్టువఱకు నన్నింటిని ఒక్కసారి యాక్రమించు ధ్వని. ఒక ధ్వని తన మెట్టులోనే యున్న మఱియొక బలహీనధ్వనిని వినబడకుండ జేయుట కలదు. దీనిని ఆచ్ఛాదనమందము. మిశ్రణము, అనగా మిక్సింగు, అను విద్యలో సగము పాలు ఈ యాచ్ఛాదనముతోడి పోరాటమే.

మన దేశమున చిత్రములు మాటలాడ నేర్చినది 1931వ సంవత్సరమున. ఆ యేడు మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ థియేటరులో ‘ఆలం ఆరా’ ప్రదర్శింపబడినది. నాడు మాటయు బొమ్మయు ఒక్క ఫిలిముపైననే యేకకాలమున బడుచుండెను గాన పిదప దిద్దుకొనుట కవకాశము లేదు. చిత్రశాల రైలుదారి చెంతనుండుటచే బండ్ల రాకపోకలు నిలిచిన నడిరేయి వేళలయందు చిత్రీకరించిరి. మైకులను నటుల చెంత మఱుగుపఱచి పెట్టిరి. మఱుసటి యేడు, 1932లో, హెచ్. ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ తెలుగున మాటలాడినది. నాటివారికి ధ్వనిరచన యనగా తక్కిన ప్రపంచమంతయు నోరు మూసికొని యుండునట్లు చూచుకొనుటయే. నేడట్లు గాదు. మాట వేఱుగ, అడుగుల చప్పుడు వేఱుగ, గాలి వేఱుగ, సంగీతము వేఱుగ, వందలకొలది పేటలుగ నుంచి తుదకు ఒక్క త్రాటిగా బేనుదురు. ఈ పేటలనే ట్రాకు లందురు.

అన్నింటను ముఖ్యము సంభాషణము. చిత్రీకరణస్థలమున పొడవైన కఱ్ఱ చివర మైకును గట్టి, తెరలో గానరాకుండ నటుని తలపైని పట్టుదురు. చొక్కాలో చిన్న మైకును దాచుటయు కలదు. మా మనుమరాలు చెప్పగా నేను మిక్కిలి యాశ్చర్యపడిన సంగతి యొకటి కలదు. సన్నివేశము ముగిసిన పిదప అందఱను కదలక యుండుడని చెప్పి, అరనిమిషమో నిమిషమో ఆ గది నిశ్శబ్దమును గూడ రికార్డు చేయుదురట! గదికొక నిశ్శబ్దము కలదు. పెంకుటింటి నిశ్శబ్దము వేఱు, మిద్దెయింటిది వేఱు, ఫ్యాను తిరుగు గదిది వేఱు. పిదప సంభాషణను కోసి యతుకునపుడు ఆ నిశ్శబ్దమును సందులలో బోయకున్న, ప్రతి యతుకుకడను చెవికి గుంటలో అడుగు పడినట్లుండును. మన తెలుగు చిత్రములలో నెక్కువపాలు మాటలను పిదప స్టూడియోలో చెప్పించుట చిరకాలముగ నలవాటు. అందు స్పష్టత కలదు గాని, మాట యే గదిలోను పుట్టనట్లుండును. పొలములో నిలిచినవాడు అలమారలోనుండి పలుకుచున్నట్లు తోచును. ఆ పొలమును మరల ఆ మాట చుట్టును గట్టుట ధ్వనిరచయిత పని. 2001లో వచ్చిన ‘లగాన్’ వంటి చిత్రములు స్థలముననే పలికిన మాటను తుదివఱకు నిలుపుకొన్నవి. అందుకు వలయు క్రమశిక్షణ వేఱు, వ్యయము వేఱు.

అడుగుల చప్పుడు, చీర గరగర, గిన్నెల మోత, తలుపు కిఱ్ఱుమనుట మొదలగువానిని తెరను జూచుచు స్టూడియోలో మరల చేయు విద్యకు ఫోలీ యని పేరు. 1929లో ‘షో బోట్’ చిత్రమునకు యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరున నది వెలసినది. మంచుపై నడకకు తోలుసంచిలో మొక్కజొన్న పిండి నింపి నొక్కుదురు. గుఱ్ఱపు డెక్కలకు కొబ్బరి చిప్పలు చాలును. రేడియో నాటకములు వినిన మీకిది తెలియనిది గాదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక నిలిచినవాడు యుద్ధఘట్టమున కాలిక్రింది బల్లను దడదడ త్రొక్కుట నా బాల్యమున నేనెఱుగుదును. బొమ్మ తోలుది, దెబ్బ మాత్రము నిజమైనది. ఫోలీ విద్యయు నంతియే.

లోకములో లేని ధ్వనులను కల్పించుట మఱియొక దారి. 1933లో ‘కింగ్ కాంగ్’ చిత్రమునకు మర్రే స్పివాక్ అనునతడు సింహగర్జనమును, పులిగర్జనమును రికార్డు చేసి, వేగము తగ్గించి, తలక్రిందులుగ, అనగా వెనుకనుండి ముందునకు, నడిపించి ఆ మహావానరమునకు గొంతు నిచ్చెను. 1977లో ‘స్టార్ వార్స్’ చిత్రమున వెలుగుకత్తి మ్రోతను బెన్ బర్ట్ అను నతడు పాత ప్రొజెక్టరు మోటారు రొదనుండియు, టెలివిజను గొట్టముకడ మైకుతీగకు పట్టిన జుమ్మను ధ్వనినుండియు దీసెను. అందలి తుపాకి చప్పుడు రేడియో స్తంభమును నిలిపెడి యినుపతీగపై సుత్తితో గొట్టుటచే వచ్చినది. వినువానికి ఆకాశయుద్ధము, కొట్టినవానికి సుత్తి.

పరిసరధ్వనులకడ మన చిత్రములను గూర్చి నాకొక ఫిర్యాదు కలదు. రాత్రి యన్నచో ప్రతి చిత్రమునను అదే కీచురాయి, అదే గుడ్లగూబ. మెఱుపు మెఱసిన క్షణముననే ఉఱుము! మెఱుపు ముందు, ఉఱుము వెనుక యని చిన్నపిల్లవాడెఱుగును. మూడు సెకనుల యెడమున్నచో పిడుగు కిలోమీటరు దూరమున బడినదని లెక్కకట్టవచ్చును. టీవీ ధారావాహికలలో అత్తగారు తల త్రిప్పినపుడెల్ల ముమ్మాఱు ఉఱుముట సంగతి నేనిక చెప్పను. గోదావరి లంకలలో వాన వెలిసిన రాత్రి వినుడు. ముందు చూరునీరు, పిదప కప్పలు, ఆ పైని దూరమున పంటుమీద నెవరిదో కేక. ఏది ముందు ఏది వెనుక యను దానిలోనే వేళయు, ఋతువును, ఊరును ఉన్నవి. వీనిని నోటుపుస్తకములో వ్రాసికొననివాడు ధ్వనిరచయిత కాజాలడు.

ఇట్లు సమకూడిన వందల పేటలను ప్రేక్షకుడు వినగలడా? వినలేడు. వాల్టర్ మర్చ్ అను అమెరికా దేశపు ధ్వనిరచయిత 1971లో వెలువడిన ‘టి.హెచ్.ఎక్స్. 1138’ అను చిత్రమునకు బని చేయుచు నొక విశేషమును గనిపెట్టెను. తెరపై నొకడు నడచునపుడు ప్రతి యడుగునకు చప్పుడు సరిగ నమరవలెను. ఇద్దఱు నడచినను అట్లే. మువ్వురైనచో చప్పుళ్లు అడుగులకు సరిపడకున్నను ఎవ్వరును గుర్తింపరు; అప్పుడది అడుగులు గాక గుంపు. దీనిని బట్టి అతడు రెండున్నర యను పరిమితిని నిర్ణయించుకొనెను. ఒకే జాతి ధ్వనులు రెండింటికి మించిన మనస్సు వానిని విడివిడిగ లెక్కింపదు. మన అవధాని యెనమండుగురు పృచ్ఛకులను ఏకకాలమున ధారణ చేయును. కాని టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడు అవధాని గాడు. మా పిల్ల ఆ ఒక్క సన్నివేశమున వాన, గాలి, చెట్టు, నది, తలుపు, కుక్క, పొయ్యిమంట యని యేడింటిని పేర్చినది. మూడు రాత్రులు తడిసి తెచ్చిన వాన గనుక దేనిని విడుచుటకును మనసొప్పలేదు. పద్యములో ప్రతి పదమును విశేషణముతో నింపిన బాలకవిని నేనెఱుగనివాడను గాను.

ఇక మిశ్రణపు బల్లకడ జరుగు పని. ప్రతి ట్రాకునకు నొక జాఱుడు మీట యుండును. దానిచే బలమును హెచ్చింతురు, తగ్గింతురు. బలమునకు కొలత డెసిబెల్. పది డెసిబెళ్లు పెరిగినచో చెవికి సుమారు రెండింతలైనట్లు తోచును. ఈక్వలైజరు అనునది ధ్వనిలోని ఏ మెట్టునైన నొక్కదానినే హెచ్చించును, తగ్గించును. కంప్రెసరు మితిమీఱిన కేకను అణచి, గుసగుసకును కేకకును గల యెడమును కుదించును. రివర్బు గది ప్రతిధ్వనిని కల్పించును. ఏ స్పీకరునుండి యే ధ్వని రావలయునో నిర్ణయించుటయు ఇచ్చటనే. సాధారణముగ నుండు అయిదుంబావొకటి వంటి పేరుగల, అనగా 5.1 అను, అమరికలో తెర వెనుక ఎడమ, నడుమ, కుడి మూడును, ప్రేక్షకుల ప్రక్కల రెండును, గుండెలదరు మంద్రధ్వనికి వేఱుగ నొకటియు నుండును. మాట సాధారణముగ నడుమ స్పీకరుదే. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతిలో కప్పునందును స్పీకర్లు కలవు. వాన నిజముగ నెత్తిపై గురియును. ఈ సాధనములన్నియు నేడొక కంప్యూటరులో నిముడుచున్నవి గాన పేదవిద్యార్థికిని అందుబాటులోనికి వచ్చినవి. సాధనము చౌక యైనది. చెవి మాత్రము మునుపటి వెలయే.

సినిమాశాలలో ప్రతి ముఖ్యమైన స్పీకరును 85 డెసిబెళ్ల ప్రమాణమునకు సరిచేసికొని మిశ్రణము చేయుట వాడుక. ఆ చిత్రమునే యింటిలోని టీవీలో చిన్న స్వరమున వినునపుడేమగును? చప్పుడు తగ్గిన కొలదియు మన చెవికి మంద్రధ్వనులు ఇతరములకంటె నెక్కువగ తగ్గినట్లు తోచునని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అంతేకాక గుసగుస వినబడవలెనని స్వరము పెంచిన మఱునిమిషమున పోరాటము వచ్చి ప్రక్కయింటివారు తలుపు తట్టుదురు. కావున టీవీకి వేఱుగ మిశ్రణము చేయవలెను. ఐరోపా ప్రసారసంస్థలు 2010లో కార్యక్రమపు సగటు బిగ్గఱతనము ఎల్.యు.ఎఫ్.ఎస్. అను కొలతలో −23 ఉండవలెనని నియమించుకొన్నవి. ప్రకటనలు కార్యక్రమముకంటె బిగ్గఱగ అఱవరాదని అమెరికాలో 2010లో శాసనము చేసి 2012 డిసెంబరునుండి అమలుపఱచిరి. ప్రకటన వచ్చినపుడెల్ల చెవులు మూసికొను మా వీధి వృద్ధులందఱు దానికి చేయెత్తి మ్రొక్కుదురు.

మిశ్రణము ముగిసిన పిదప మాట, సంగీతము, తక్కిన ధ్వనులు మూడును మూడు కట్టలుగ విడివిడిగ నుంచుదురు. మాటల కట్టను దీసివేసి తక్కిన రెంటిని మఱియొక భాషవారి కిత్తురు. తమిళ చిత్రమో హిందీ చిత్రమో మన తెలుగున మాటలాడునపుడు అందలి వానయు, కత్తుల మోతయు మూలములోనివే; గొంతులు మాత్రము మనవి. ఆ కట్టలో లోపమున్నచో తెలుగు మాట నాలుకపై నున్నను ఇల్లంతయు శూన్యముగ తోచును.

ఇంతవఱకు చెప్పినది వ్యాకరణము. ఇక అలంకారశాస్త్రము కలదు. ఆనందవర్ధనుడు కావ్యమునకు ధ్వని ఆత్మ యన్నపుడు చెవికి వినబడు ధ్వనిని గూర్చి చెప్పలేదు. వాచ్యార్థము ముగిసిన పిదప గంట కొట్టిన తర్వాతి అనురణనమువలె మనస్సున మ్రోయు వ్యంగ్యార్థమును జెప్పెను. చలనచిత్రమున ఈ రెండు ధ్వనులును ఒక్కచో గలియును. సత్యజిత్ రాయ్ గారి ‘పథేర్ పాంచాలి’, 1955లో వచ్చినది, చూచినవారికి జ్ఞాపకముండును. కూతురు చనిపోయిన వార్త తండ్రికి తెలియవలెను. తల్లి నోరు తెఱచి యేడ్చును; కాని ఆ యేడుపు మనకు వినబడదు. దానికి మాఱుగ తారషెహనాయి యను వాద్యము ఒక్కసారిగ పై స్థాయిలో రోదించును. మనుష్యకంఠమునకు శక్యము గాని దుఃఖమని చెప్పకయే చెప్పబడినది. 1960లో ఋత్విక్ ఘటక్ గారి ‘మేఘే ఢాకా తారా’లో కథానాయిక హృదయము భగ్నమైనపుడు కొరడాదెబ్బ వినబడును; తెరపై కొరడా లేదు. 1972 నాటి ‘గాడ్ ఫాదర్’లో యువకుడు హోటలులో ఇద్దఱిని కాల్చుటకు ముందు ఎక్కడనో రైలుచక్రముల కీచుమోత పెరిగి పెరిగి అతని తలలోనే రైలు నడచుచున్నట్లగును. రైలు కనబడదు, దానినెవరును ప్రస్తావింపరు. 1929లోనే హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ చిత్రమున కత్తితో హత్య చేసిన బాలిక వినుచుండగా పొరుగింటామె వాగుడంతయు మసకబాఱి, అందు కత్తి యను మాట యొక్కటియే మాటిమాటికి స్పష్టముగ పొడుచునట్లు చేసెను. మాటను దాచుట తప్పు గాదు. తెలిసి దాచుట కళ. తెలియక పోగొట్టుకొనుట లోపము. మా పిల్లది రెండవది.

ఈ విద్యను నేర్వగోరు బాలబాలికలు నన్నడుగుచుందురు గనుక ఆ మాట గూడ చెప్పెదను. 1960లో పుణెలోని పాత ప్రభాత్ స్టూడియో ఆవరణమున నెలకొల్పబడిన ఫిల్ము ఇన్‌స్టిట్యూటులోను, కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరనున్న సంస్థలోను ఈ శాఖ కలదు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రపు ధ్వనిమిశ్రణమునకు 2009లో ఇద్దఱు సహచరులతో ఆస్కారు బహుమానమందిన రసూల్ పూకుట్టి పుణె విద్యార్థియే. కాని ప్రవేశమునకు ముందే చేయదగిన సాధన కలదు. దినమునకు పది నిమిషములు కన్నులు మూసికొని కూర్చుండి వినబడిన ప్రతి ధ్వనిని, అది దగ్గఱయా దూరమా, ఏ దిక్కునుండి వచ్చినది, ఎప్పుడు మొదలై యెప్పుడాగినది యని వ్రాయవలెను. తొలినాడు అయిదాఱు దొరకును. నెల గడచిన పిదప పుట పట్టదు. పిమ్మట మీ ఫోనుతోనే తలుపులను రికార్డు చేయుడు; కోపముతో మూసిన తలుపునకును గాలికి పడిన తలుపునకును భేదము వినుడు. నచ్చిన చిత్రములో నొక నిమిషము తీసికొని, ధ్వనినంతను తుడిచివేసి, ఇంటిలో దొరకు వస్తువులతో మరల గట్టుడు. గట్టిన దానిని గొప్ప స్పీకర్లలో మాత్రమే గాక, చిన్న ఫోనులోను, ప్రక్కగదిలో నిలుచుండియు, మిక్కిలి తగ్గించిన స్వరమునను వినుడు. తగ్గించినపుడు నిలిచియున్న మాటయే నిజముగ నిలిచిన మాట. కథ నెఱుగని యొకరికి వినిపింపుడు. కథ నెఱిగినవాని చెవి వినదు, ఊహించును. చెవులను కాపాడుకొనుడు. 85 డెసిబెళ్ల మోతను దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదనియు, మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడెల్ల ఆ కాలమును సగము చేసికొనవలెననియు వైద్యసంస్థలు చెప్పుచున్నవి. పోయిన పైమెట్లు తిరిగి రావు. ఇది నేను పటము చూచి చెప్పుచున్న మాట.

ఇక మా యింటి కథ. మొదటి రెండు దినములు ఆ పిల్ల తల్లి మాటను పెంచి చూచినది. పెంచిన కొలది తల్లి కొడుకుపై అఱచుచున్నట్లయినది. అది ఆ తల్లి స్వభావము గాదు. మూడవనాడు నేనొక్క ప్రశ్న వేసితిని: “అమ్మాయీ, ఈ వాన దేనిపై కురియుచున్నది?” ఆమె కొంతసేపు ఊరకుండి నవ్వినది. చిత్రములోనిది తాటాకు గుడిసె. ఆమె తెచ్చిన వాన మా పెరటి రేకుల పంచపై కురిసిన వాన. రేకు మ్రోత పైమెట్లలో ఖంగుమని సకారముండు చోటనే కూర్చున్నది. ఆ రాత్రియే మా ఊరి చివర గడ్డివామి ప్రక్కనున్న పాకలో మరల వాన పట్టినది. తాటాకుపై వాన మెత్తన, అణగిన గుసగుస. దానిని నడుమ స్పీకరునుండి దీసి ప్రక్కలకు జరిపినది. మాట సాగు ఆ రెండు సెకనులు మాత్రము వానలోని 4,000 మొదలు 8,000 వఱకు గల మెట్లను మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గించినది. తగ్గినదని చెప్పినను నేను గుర్తింపలేకపోతిని. కుక్కను, నదిని దీసివేసినది. కుక్కకై ఒక రాత్రి నిద్ర మానినందున దానిని దీయునపుడు ఆమె కన్నులు చెమర్చినవి.

అంతటను మాట స్పష్టమైనది గాని ఆమెకు తృప్తి కలుగలేదు. అయిదవనాడు మా వంటయింటిలోని మజ్జిగకుండను, గరిటెను దీసికొని గదిలోనికి బోయి తలుపు వేసికొన్నది. కొడుకు లేచిన వెంటనే, తల్లి నోరు తెఱచుటకు ముందు, గరిటె కుండ అంచునకు తగిలిన చిన్న చప్పుడొకటి చేర్చినది. అంతియే. తల్లి చేతిలోనిది గరిటె యని చెవి కెఱిగించిన పిదప, నోట వచ్చు మాట పోస్తానే గాని పోతాను గానేరదు. మాటకు ముందే దాని యర్థము వచ్చి గడపలో కూర్చున్నది.

ఆఱవనాటి సాయంకాలము దీపములార్పి చిత్రమును వేసినది. నా కుమారుడు తలుపుకడ నిలువబడియే చూచెను. తెరపై కొడుకు లేచెను. గరిటె కుండకు తగిలెను. “మజ్జిగ పోస్తానురా, ఉండు.” పోసిన మజ్జిగ చప్పుడును, దానిపై తాటాకుల వానయు నాకు వినబడినవి. కొడుకు గడపకడ ఆగెను. చిత్రము ముగిసినది. దీపము వెలిగింపబోవుచుండగా నా కుమారుడు వచ్చి పీటపై గూర్చుండి, “ఇంకొకసారి వేయమ్మా” అనెను.